పోపుల పెట్టెలో స్క్రూలు



నా పాత పోపుల పెట్టె ఇప్పుడు మా అబ్బాయి గదిలో ఉన్నది. ఆవాలు, జీలకర్ర, మెంతులు ఉండిన గిన్నెలలో స్క్రూలు, నట్లు, వాషర్లు పోసుకున్నాడు. వాడికి ఎలక్ట్రానిక్ పనులంటే చిన్ననాటి నుండి ప్రాణం. రెండేళ్ల క్రితం త్రీడీ ప్రింటరు కూడా కొన్నాడు. ప్లాస్టిక్ దారాన్ని కరిగించి, పొర మీద పొర పోస్తూ వస్తువు తయారుచేసే యంత్రమది.

"ఇన్ని ఎందుకు నాయనా, కావలసినప్పుడు నాలుగు కొనుక్కోరాదా?" అన్నాను ఒకరోజు.

"పోపు పెట్టి, అప్పుడు ఆవాల కోసం కొట్టుకి వెళ్తావా అమ్మా?" అన్నాడు. నాకు మాట రాలేదు.

అలాగని కనబడినదల్లా కొనడు. తాను చేసే ప్రతి వస్తువూ మూడు మిల్లీమీటర్ల స్క్రూకే సరిపోయేటట్లు గీసుకుంటాడు. దానిని ఎం3 అంటారు. అప్పుడు 8, 12, 16, 20 మిల్లీమీటర్ల పొడవులు నాలుగుంటే చాలా పనులు గడిచిపోతాయట. రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటరు బోర్డుకు మాత్రం ఎం2.5 కావాలి. మాటిమాటికి ఊడదీసే చోట ప్లాస్టిక్‌లోని మర అరిగిపోతుంది గనుక, ఇత్తడి ఇన్సర్టును సాల్డరింగ్ ఐరన్‌తో వేడిచేసి లోపలికి దింపుతాడు. రెసిస్టర్లు చెడిపోవు గనుక ఎక్కువే ఉంచుకుంటాడు. లోపల ద్రవం ఉండే కెపాసిటర్లు ఏళ్ల తరబడి ఊరికే ఉంటే పాడవుతాయట, అవి కొద్దిగానే. అరణ్యములో మన్నాను మరునాటికి దాచుకున్నవారు నాకు గుర్తుకు వచ్చారు. ఇక ఆ ప్లాస్టిక్ దారం వానాకాలంలో చెమ్మ పీల్చుకుంటుంది. గాలి చొరని డబ్బాలో పెట్టి, "పచ్చడి జాడీలో తడి చెయ్యి పెట్టనివ్వవు కదా, ఇదీ అంతే" అంటాడు. నా కొడుకు నా వంటింటి నుండి ఇంత నేర్చుకున్నాడని నాకు తెలియదు.

కాని ఈ అలవాటు వాళ్ల నాన్నగారిది. ఆయన రేడియోలు, మైకుసెట్లు, కుట్టుమిషన్లు బాగుచేసేవారు. పనికిరాని ప్రతి యంత్రం నుండి స్క్రూలు విప్పి, హార్లిక్స్ సీసాలలో, బిస్కెట్ డబ్బాలలో వేరువేరుగా వేసేవారు. వేరుచేసే పని మా వాడిది. 2009లో ఆయన ప్రభువు నందు నిద్రించారు. నాలుగు నెలలకు ఇంట్లో బియ్యం నిండుకున్నాయి. పాత ఇనుము కొనే అతను వీధిలో కేక వేస్తుంటే పిలిచి, ఆ డబ్బాలన్నీ కాటా వేయించాను. వాడప్పుడు తొమ్మిదో తరగతి. బడి నుండి వచ్చి ఖాళీ అర చూశాడు. ఒక్క మాట అనలేదు. ఆ రాత్రి అన్నం మాత్రం తినలేదు. ఆ బియ్యపు అన్నమే.

మొన్న డిసెంబరులో మా సంఘపు సహోదరి ఒకామె కుట్టుమిషను తలకాయ పట్టుకొని వచ్చింది. సూదిని బిగించి ఉంచే చిన్న స్క్రూ ఎక్కడో పడిపోయింది. క్రిస్మస్ జాకెట్లు పద్దెనిమిది కుట్టవలసి ఉన్నాయి. ఆమెకు వేరే ఆధారం లేదు. మావాడు ఎం3 పెట్టి చూశాడు. చూపుకు సరిపోయినట్లే ఉన్నది గాని, పాత మిషను మర వేరు. బలవంతంగా తిప్పితే లోపలి మర కూడా పోతుందని ఆపేశాడు. "నాన్న డబ్బాలో ఇవి గుప్పెడు ఉండేవి" అన్నాడు, ఎవరితోనూ కాదు, తనలో తాను అనుకున్నట్లు.

మరునాడు తెల్లవారుజామున బస్సెక్కి పట్నం వెళ్లి, మిషన్ల సామాన్ల కొట్టులో వెతికి తెచ్చాడు. ఒకటి ఆమెకు బిగించి, మూడు పోపుల పెట్టెలో వేశాడు.

ఆ రాత్రి కుటుంబ ప్రార్థనలో నా వంతు వచ్చినప్పుడు నోట మాట పెగలలేదు. అంతకు ముందే మొదటి దినవృత్తాంతములు 22వ అధ్యాయం చదువుకున్నాము. మందిరపు తలుపులకు మేకుల కోసం దావీదు విస్తారంగా ఇనుము సమకూర్చిన భాగమది. కట్టినది మాత్రం ఆయన కుమారుడు. నేనైతే ఆ ఇనుమును తూకానికి అమ్మినదానిని. ఆమేన్ అన్న తరువాత, "ఒరేయ్, నాన్న డబ్బాలు అమ్మినందుకు నన్ను క్షమించరా" అన్నాను. అన్ని ఏళ్లు పట్టింది ఆ మాట రావడానికి.

వాడు బైబిలు మూసి, "ఆ రోజు నాకు కోపం వచ్చిన మాట నిజమేనమ్మా. అన్నం తినకపోవడం కోపంతో కాదు. ఉన్నది నీకూ చెల్లికీ సరిపోదని" అన్నాడు.

చాలాసేపు ఏడ్చాను.

ఇప్పుడు డబ్బాల మీద చీటీలు వ్రాసే పని నాది. సండేస్కూలు చార్టులు వ్రాసిన చెయ్యి గనుక అక్షరాలు బాగుంటాయని వాడే అప్పగించాడు. నిన్న రాత్రి ఇరవై రెండు వ్రాశాను. "కుట్టుమిషను సూది స్క్రూ" అన్న చీటీ కొంచెం పెద్ద అక్షరాలతో వ్రాశాను.