సముద్రం పావుగంట దూరం

మాది బొబ్బిలి దగ్గర ఒక పల్లె. విశాఖపట్నం మాకు కొత్త ఊరు కాదు. ముప్పయ్యారేళ్ళ కాపురంలో ఏడుసార్లు వెళ్ళాము. అయితే ఏడుసార్లూ ఇంట్లో ఎవరో ఒకరి జబ్బు కోసమే. రైలు దిగడం, ఆసుపత్రికి పోవడం, వరండాలో చాప పరచుకోవడం, మందుల చీటీ పట్టుకొని తిరగడం, మళ్ళీ రైలెక్కడం. మాకు తెలిసిన విశాఖ అంతే. గత మే నెలలో దేవుని కృపవలన ఎనిమిదోసారి వెళ్ళాము. ఈసారి ఎవరికీ ఏ జబ్బూ లేదు. మేమిద్దరమే వెళ్ళి మూడు రోజులు ఉండి వచ్చాము. అక్కడ చూచినవి, మాకు బోధపడినవి మన పత్రిక పాఠకులతో పంచుకోవాలని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

ముందుగా అమ్మ సంగతి చెప్పాలి. కన్నకొడుకు, కోడలు అన్న తేడా లేకుండా మేమిద్దరమూ ఆమెను అమ్మా అనే పిలిచేవాళ్ళము. అమ్మకు చిన్నతనంలో చదువు లేదు. యాభై దాటిన తరువాత సంఘంలో రాత్రిబడి పెడితే వెళ్ళి, మార్కు సువార్త చిన్న పుస్తకం మీద వేలు పెట్టి కూడబలుక్కొని చదవడం నేర్చుకొంది. శిష్యులున్న దోనె గాలివానలో చిక్కుకొన్న భాగం దగ్గరికి వచ్చినప్పుడల్లా ఆగిపోయేది. "ఏటి నాయనా, ఆ సముద్రం మన పెద్ద చెరువంత ఉంటాదేటి?" అని అడిగేది. మేము నవ్వేవాళ్ళము.

1998లో అమ్మకు జబ్బు చేస్తే విశాఖలో పెద్దాసుపత్రిలో పందొమ్మిది రోజులు ఉంచాము. కాస్త తేరుకొన్నాక, "ఇంత దూరం వచ్చాం గదా, ఓపాలి సముద్రం సూపించండి" అంది. "డిశ్చార్జి అయ్యాక చూద్దాంలే అమ్మా" అన్నాము. డిశ్చార్జి చేసిన రోజున మాలో ఒకరు చేతిలో మిగిలిన డబ్బు లెక్క చెప్పారు, మరొకరు రైలు వేళ చెప్పారు. "మళ్ళీ చూపించుకోవడానికి వస్తాం గదా, అప్పుడు చూద్దాం" అని అమ్మను స్టేషనుకు తీసుకొనిపోయాము. ఆ చలికాలంలోనే అమ్మ ప్రభువునందు నిద్రించింది.

ఆనాడు వద్దన్నది ఎవరు అన్న మాట మా మధ్య ఎన్నడూ పైకి రాలేదు. కాని లోపల ఒక ముల్లు మాత్రం ఉండిపోయింది. సముద్రం పేరు వస్తే ఇద్దరమూ వేరే మాట ఎత్తేవాళ్ళము.

ఈ వేసవిలో దూరపు బంధువులు సెలవులకు ఊరెళ్తూ, విశాఖలోని తమ మేడమీద గది తాళం మాకు ఇచ్చారు. ఖర్చు లెక్క చూసుకొని రెండుసార్లు మానుకొన్నాము. ఆవకాయ పెట్టడం అయిపోయాక, "ఇంకా తర్వాత అంటే ఎప్పుడు?" అనుకొని బయలుదేరాము.

మొదటి రోజు ఎండ చల్లబడ్డాక, దారి తెలిసిన చోటని ఆ ఆసుపత్రి దగ్గరే బస్సు దిగాము. సముద్రం ఎటు అని పళ్ళబండి అతన్ని అడిగాము. "ఇలా పల్లానికి దిగిపోండి. నడిస్తే పావుగంట" అన్నాడు. మా కాళ్ళు కదలలేదు. పందొమ్మిది రోజులు అమ్మ సముద్రానికి పావుగంట దూరంలో పడుకొని ఉంది! మేము మందుల షాపుకు రోజూ అంతకంటె ఎక్కువే నడిచాము.

మాటలు లేకుండా దిగిపోయాము. రామకృష్ణా బీచి జనంతో నిండి ఉంది. కాల్చిన మొక్కజొన్న పొత్తులు, మురీ మిక్చరు బండ్లు, గాలిపటాలు, పిల్లల కేకలు. పగలంతా చెమటతో ఉడికిపోయిన ఒంటికి ఆ గాలి తగిలితే ప్రాణం లేచివచ్చింది. అక్కడ లోపలి లాగుడు ఎక్కువ, ఎవరూ లోతుకు పోకూడదు. మేము పాదాలు తడిసేంతవరకే నిలబడ్డాము. అప్పుడు మాలో ఒకరు, "ఆ రోజు డబ్బు మాట ఎత్తింది నేనే" అన్నారు. "రైలు మాట ఎత్తింది నేను" అన్నారు రెండోవారు. ఇన్నేళ్ళకు ఆ మాటలు నోట వచ్చాయి. చీకటి పడేవరకు అమ్మ గురించే మాట్లాడుకొన్నాము.

మరునాడు పొద్దున్నే పాత పట్నం చూచాము. ఇరుకు వీధులు, కురుపాం మార్కెట్టు, రాణిబొమ్మ అని అందరూ పిలిచే విక్టోరియా రాణి విగ్రహం. అక్కడినుండి రేవు దగ్గరికి పోతే మూడు కొండలు పక్కపక్కనే కనబడతాయి. ఒకదానిమీద మరియమాత గుడి, ఒకదానిమీద దర్గా, మరొకదానిమీద వేంకటేశ్వరస్వామి గుడి. మేము గుడి ఉన్న రాస్ హిల్ ఎక్కాము. ఎదురుగా డాల్ఫిన్ నోస్ కొండ సముద్రంలోకి ముక్కులాగా పొడుచుకొని ఉంది. దాని అండనే ఈ ఓడరేవు 1933లో మొదలయింది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు బాంబులు వేసింది ఈ రేవుమీదే. స్వాతంత్ర్యం వచ్చాక ఇక్కడ కట్టిన జల ఉష అనే ఓడను 1948లో నెహ్రూగారు నీళ్ళలోకి దింపారు. మేము చూస్తుండగానే ఒక పెద్ద ఓడ కాలువలో నెమ్మదిగా లోపలికి వచ్చింది.

ఆ ఊరికి వెళ్తున్నామని చెప్పినప్పుడు మా పాస్టరుగారు ఒక సంగతి గుర్తుచేశారు. లండన్ మిషనరీ సొసైటీ పంపిన జార్జ్ క్రాన్, ఆగస్టస్ డెస్ గ్రాంజెస్ అనే ఇద్దరు 1805లో ఈ పట్నంలోనే దిగారు. తెలుగు ఒక్క అక్షరం రానివారు మన భాష నేర్చుకొని, సువార్తలను తెనుగు చేయడానికి పూనుకొన్నారు. ఆనందరాయరు అనే బ్రాహ్మణ క్రైస్తవుడు వారికి తోడయ్యాడు. క్రాన్ 1809లో, డెస్ గ్రాంజెస్ 1810లో చనిపోయారు. మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరాంపూరులో అచ్చయ్యాయి. అచ్చయిన పుస్తకాన్ని ఆ ఇద్దరిలో ఎవరూ కంటితో చూడలేదు. తరువాత ప్రిచెట్ అనే ఆయన పని కొనసాగించగా, 1818లో తెలుగు కొత్త నిబంధన మద్రాసులో అచ్చయింది.

ఆపైన ఎందరో దిద్దారు, మార్చారు. అమ్మ చదివిన మార్కు సువార్తలో ఉన్నవి ఆ మొదటి మాటలు కావు. అయినా ఆమె వేలు పెట్టి చదివిన పుస్తకానికి మొదలు ఈ సముద్రపు ఒడ్డున పడింది. భాష బాగా వచ్చాక చూద్దాం, ఆరోగ్యం కుదుటపడ్డాక చూద్దాం అని వారు అనుకొని ఉంటే? వారికి ఉన్నవి నాలుగైదు సంవత్సరాలే. ఆ కొండమీద కూర్చొని ఈ మాట చాలాసేపు తలచుకొన్నాము.

సాయంత్రం బీచి రోడ్డులో కురుసుర జలాంతర్గామి ఎక్కాము. 1969 నుండి 2001 వరకు నౌకాదళంలో పనిచేసి, 2002 నుండి ప్రదర్శనశాలగా ఉంది. పొడవు 91 మీటర్లు. లోపల పడకలు మన పశువుల తొట్టెకంటె ఇరుకు. నెలల తరబడి ఇంటివారి ముఖం చూడకుండా అందులో ఉన్నవారిని తలచుకొంటే జాలి వేసింది.

మూడో రోజు సముద్రం పక్కనుండే పోయే బస్సులో భీమునిపట్నం వెళ్ళాము. ఒకప్పుడు డచ్చివారు వర్తకం చేసిన ఊరు. 1861లోనే మునిసిపాలిటీ అయింది. డచ్చివారి పాత సమాధులు ఇంకా ఉన్నాయి. గోస్తనీ నది అక్కడే సముద్రంలో కలుస్తుంది. జనం తక్కువ. సరుగుడు నీడలో కూర్చొని, వెంట తెచ్చుకొన్న అమ్మ పుస్తకం తీసి, ఆ గాలివాన భాగం చదువుకొన్నాము.

ఇంకొక మాట. గలిలయ సముద్రము నిజానికి మంచినీళ్ళ సరస్సేనట! పొడవు సుమారు 21 కిలోమీటర్లు, వెడల్పు సుమారు 13. చెరువంత ఉంటాదేటి అని అడిగిన అమ్మ మాట పూర్తిగా తప్పేమీ కాదు. నవ్వింది మేమే.

ప్రియ పాఠకులారా, మన పల్లెలనుండి పట్నం ఆసుపత్రులకు పెద్దవాళ్ళను తీసుకొనిపోనివారు లేరు. డబ్బు చాలదు, సమయం చాలదు, నిజమే. కాని వారు అడిగేవి చాలావరకు పావుగంట దూరంలోనే ఉంటాయి. మేము తిరిగివచ్చిన వారానికే మా పక్కింటి అమ్మాయి తన తండ్రిని అదే ఆసుపత్రికి తీసుకొని బయలుదేరింది. దారి చెప్పి, ఆటోకు వంద రూపాయలు చేతిలో పెట్టాము. నాలుగు రోజులకు ఫోను చేసింది. "నాన్న కాళ్ళు తడుపుకున్నాడు పిన్నీ. ఇంకాసేపు ఉందామని మారాం చేస్తన్నాడు" అంది.