మేము కొన్న కటకములు

మేమిరువురము ఒకే యింటి కోడండ్రము. మా యత్తగారికి ఎనుబదిరెండేండ్లు. ఒకనాటి సాయంకాలము పెరటి వసారాలో వత్తులు చేసికొనుచు ఆమె, "మా అమ్మ మొగం మరపుకొస్తున్నదే అమ్మాయిలూ. ఒక్క పటమైనా లేకపోయె" అన్నారు. ఆ మాట మమ్ములను విడువలేదు. ఆ తల్లి పటమును మేము తేజాలము గాని, ఈమె పటములైనను చక్కగా తీసి యుంచవలెనని తలంచి, పుట్టింటివారు పసుపుకుంకుమలకని యిచ్చిన సొమ్ము ఇరువురమును కలిపి కెమెరా యొకటి కొంటిమి. చేతిలో ఫోనుండగా ఇదేల యని మగవారు నవ్విరి. నవ్వనిండని యూరకుంటిమి.

కెమెరాతోపాటు వచ్చిన లెన్సుపై, అనగా కటకముపై, 18–55 అని యొకచోటను, 3.5–5.6 అని యొకచోటను అంకెలున్నవి. మేము వానిని చూచియు చూడలేదు. దుకాణదారుడు, "ఇది చాలదండీ, దీనితో దూరపువి కూడా దగ్గఱకు వస్తాయి" అని 70–300 అను పొడవైన లెన్సు నొకదానిని చూపెను. చేయి వణకినను పటము చెడకుండ చేయు ఏర్పాటు కూడ అందున్నదట. బరువు చూచి విలువ కట్టు అలవాటు మాకు వెండిసామానుల దగ్గఱనుండి వచ్చినది కాబోలు, మిగిలిన సొమ్మంతయు దానికే పోసితిమి.

ఆ లెన్సుతో ఎదురింటి కొబ్బరిచెట్టుపై వ్రాలిన గ్రద్ద కంటిలోని మెఱుపు కూడ చిక్కినది. అత్తగారు మాత్రము చిక్కలేదు. అయిదడుగులకంటె దగ్గఱకు పోయినచో ఆ లెన్సునకు చూపానదు. దూరముగా జరుగుదమన్న మా వసారాలో చోటు లేదు. దీపాలవేళ ఆమె వ్రేళ్లు పొగవలె అలుకుకొనిపోయినవి. ఫ్లాష్ వెలిగించితిమా, "ఆ పిడుగు నామీద వేయకండే" అని కొంగు అడ్డము పెట్టుకొనిరి. నెలకు పైగా ఇట్లే గడచినది. ఆ నెలలోనే ఆమె రెండుమాఱులు జ్వరపడిరి. మాకు భయము పట్టుకొన్నది.

అప్పుడు గాని మే మా అంకెలకు అర్థము వెదకలేదు. సోదరీమణులారా, ఇది మనకు రాని విద్య కాదు. మొదటి జత అంకెలు నాభ్యంతరమును మిల్లీమీటర్లలో తెలుపును. అది చిన్నదైనకొలది ఎదుటి దృశ్యము విశాలముగా పట్టును. పెద్దదైనకొలది చూపు ఇఱుకై, దూరపువి పెద్దవిగా కనబడును. రెండవ జత వెలుతురు లోనికి వచ్చు రంధ్రమును గూర్చినది. ఇక్కడనే మేము మోసపోతిమి. ఈ అంకె చిన్నదైనకొలది రంధ్రము పెద్దది! ఎట్లనిన, నాభ్యంతరమును ఆ అంకెతో భాగించినచో రంధ్రపు వెడల్పు వచ్చును. 35ను 4.5తో భాగించిన సుమారు 8 మిల్లీమీటర్లు; 1.8తో భాగించిన 19కి పైగా. చూరుక్రింద పెట్టిన చెంబుకంటె వెడల్పు మూతిగల గంగాళము త్వరగా నిండును గదా. కెమెరా కిటికీ తెఱచి యుంచవలసిన కాలమును అట్లే తగ్గును. మా వసారాలో మొదటి లెన్సునకు సెకండులో పదియవ వంతు కావలసియుండగా, 1.8 అంకెగల లెన్సునకు అఱువదియవ వంతు చాలును. పదియవ వంతులో వత్తి చేయు వ్రేలు ఎంతయో కదలును. వణకు నాపు ఏర్పాటు మన చేతి వణకును ఆపును గాని, ఎదుటివారి వ్రేళ్లను ఆపజాలదు. ఈ ముక్క దుకాణములో మాకెవ్వరును చెప్పలేదు.

ఈ చిక్కు క్రొత్తది కాదు. 1839లో దాగెరు విధానము పారిస్‌లో వెల్లడియైనప్పుడు, మొగము పటమున దిగవలెనన్న ఎండలో నిమిషములకొలది కదలక కూర్చుండవలసియుండెను. 1840లో వియన్నాలోని గణితాచార్యుడు జోసెఫ్ పెట్జ్వాల్ సుమారు 3.6 అంకెగల వెడల్పు లెన్సును లెక్కకట్టి రూపొందించిన పిమ్మట ఆ శిక్ష మిగుల తగ్గినది. మనుష్యుల మొగములకొఱకే పుట్టిన లెన్సది.

ఇక 35 కొనవలెనా, 50 కొనవలెనా? ఒకే నాభ్యంతరము గల ఇట్టి లెన్సులు పొడవైనవానికంటె చవుకగానే దొరకును. అందఱును 50నే పొగడుదురు. ఆ పొగడ్త 35 మిల్లీమీటర్ల వెడల్పుగల ఫిలిము కెమెరాల నాటినుండి వచ్చినది. మావంటి చిన్న సెన్సారుగల కెమెరాలో 50 లెన్సు నాటి 75 వలె ఇఱుకగును. 35 నాటి 50వలె నుండును. ఈసారి ఎవ్వరి మాటయు వినక, ఉన్న లెన్సు కంకణమును 50 దగ్గఱ త్రిప్పి జిగురుకాగితముతో అంటించి వారము దినములు వాడితిమి. ప్రతిదినమును మా వీపు వెనుకగోడకు తగిలినది. తరువాతి వారము 35 దగ్గఱ అంటించితిమి. మొగము, చేతులు, ప్రత్తిబుట్ట మూడును అందులో ఇమిడినవి. కానిఖర్చు పరీక్ష యిది, మీరును చేయుడు.

పొడవు లెన్సును నష్టమునకే అమ్మివైచి, ఒకరు వాడిన 35 లెన్సును, 1.8 అంకెగలదానిని కొంటిమి. పాతది కొనువారు దానిని దీపమునకెదురుగా పట్టి చూడవలెను. మన తేమగాలికి లోపల బూజు దారములు పట్టును. ఒక కంపెనీ లెన్సు వేఱొక కంపెనీ కెమెరాకు మామూలుగా పట్టదనియు మఱువరాదు.

తొలిపటము పాడైనది. 1.8తో మిక్కిలి దగ్గఱనుండి తీయగా ముక్కుపుడక స్పష్టముగా వచ్చి కన్నులు మసకబాఱినవి. పెద్దరంధ్రమునకు స్పష్టత లోతు తక్కువ. అందుచే ఆమె పీటను కిటికీ ప్రక్కకు జరిపి, అంకెను 2.8కి మార్చి, సాయంకాలము నాలుగు గంటలకే తీసితిమి. ఆమె మమ్ము చూడలేదు, ప్రత్తి చూచుకొనుచుండిరి.

ఆ పటమును పెద్దదిగా అచ్చువేయించి చేతికిచ్చితిమి. కండ్లజోడు పెట్టుకొని చాలసేపు చూచిరి. మొగమును కాదు, చేతులను. "ఇవి నా చేతులు కావే. మా అమ్మవి" అన్నారు. పిదప దానిని నడవలో పెట్టవద్దనియు, తన మంచమున కెదురుగా కట్టుమనియు చెప్పిరి.