పౌరుషమూ పీడనమూ

భౌతికశాస్త్రం బోధిస్తూ ముప్పై యేళ్ళు గడిపినవాణ్ణి. పీడనమంటే యేమిటో వేలాది పిల్లలకు చెప్పాను. ఆ సూత్రమే నా శరీరంలో తప్పినప్పుడు మాత్రం దాన్ని అవమానంగా భావించి దాచుకున్నాను.

యాభయ్యో యేట అంగస్తంభన తగ్గింది. డాక్టరు దగ్గరకు పోలేదు. గోడమీది ప్రకటన చూసి, లాడ్జి గదిలో మకాం వేసిన ఒక ‘రహస్య వ్యాధుల నిపుణుడి’ దగ్గరకు పోయాను. యౌవనంలో చేసిన తప్పులకిది ఫలితమని అతను తేల్చాడు. సభల్లో మూఢవిశ్వాసాలను ఖండించే నేను తలవంచుకుని విన్నాను. రెండు నెలల జీతం లేహ్యాలకు పోశాను. ఇంట్లో ముభావంగా వుండసాగాను. లోపం తనలో వున్నదేమోనని నా భార్య లోలోపల కుమిలిపోయిందని తరువాతగాని తెలియలేదు.

ఏణ్ణర్థం తరువాత, మెట్లెక్కుతుండగా గుండెనొప్పి వచ్చి ఆసుపత్రిలో చేరాను. మధుమేహమున్నదనీ, గుండె ధమని ఒకటి పూడుకున్నదనీ తేలింది. ‘‘ఇంతకుముందు మరే లక్షణమూ కనిపించలేదా?’’ అని డాక్టరమ్మ అడిగారు. అప్పుడు చెప్పాను. ఆమె కాగితంమీద బొమ్మ గీశారు. అందులో నాకు సైకిలు చక్రం కనిపించింది.

సైకిలు ట్యూబు సాగుతుంది. పైనున్న టైరు సాగదు. గాలి నింపేకొద్దీ ట్యూబు టైరును ఒత్తి, చక్రం గట్టిపడుతుంది. అంగంలోనూ స్పాంజివంటి స్తంభాలు రెండున్నాయి. వాటిచుట్టూ ఒక హద్దు దాటి సాగని గట్టి పొర వున్నది. నరాల ప్రేరణతో నైట్రిక్ ఆక్సైడు వెలువడి లోపలి కండరాలు సడలుతాయి. ధమనులు విప్పారి రక్తం నిండుతుంది. నిండిన స్పాంజి, రక్తం బయటికి పోయే సన్నని సిరలను ఆ పొరకేసి అదిమి మూసివేస్తుంది. వాల్వు కూడా అదే. రక్తనాళాల్లో నైట్రిక్ ఆక్సైడు పాత్రను కనుగొన్న ముగ్గురు శాస్త్రజ్ఞులకు 1998లో నోబెల్ బహుమతి వచ్చింది.

కాబట్టి ‘నపుంసకుడు’ అనే ఒక్క తిట్టుకింద ఎన్నో వేరువేరు లోపాలు దాగివున్నాయి. రక్తం చాలినంత రాకపోవచ్చు; వచ్చినది నిలవకపోవచ్చు; పొర మచ్చకట్టి అంగం వంకరపోవచ్చు; మధుమేహం నరాలను దెబ్బతీయవచ్చు; దిగులు కండరాలను సడలనీయకపోవచ్చు. దేని చికిత్స దానిదే. గుండెనొప్పికి నైట్రేటు మందులు వాడేవాడు తెలియక సిల్డెనాఫిల్ మాత్ర మింగితే రక్తపుపోటు ప్రమాదకరంగా పడిపోతుంది. పైగా అంగధమనులు గుండె ధమనులకంటె సన్ననివి. పూడిక ప్రభావం తరచు అక్కడ ముందు తెలుస్తుంది. నా శరీరం ఏణ్ణర్థం ముందే హెచ్చరించింది. నేను దాని నోరు నొక్కాను.

నపుంసకత్వానికి మందులంటూ ప్రకటించడాన్ని 1954 నాటి చట్టం నిషేధించింది. అయినా గోడలమీది రాతలు చెరగలేదు. మన సిగ్గే ఆ వ్యాపారులకు పెట్టుబడి. మగవాడి విలువను పడకగదిలో తూచే పాత సమాజం వారికి ఆ పెట్టుబడిని వడ్డీలేకుండా సమకూర్చి పెడుతున్నది. దానిలో నా వంతు నేనూ చెల్లించాను.

ఇంటికి వచ్చాక ఆ బొమ్మనే గీసి నా భార్యకు చూపాను. ఆమె చాలాసేపు చూసింది.

‘‘ఇంతేనా? ఈ మాట నాతో చెప్పడానికా ఏణ్ణర్థం పట్టింది?’’ అన్నది.

పాఠం చెప్పడం నా వృత్తి. ఆ ప్రశ్నకు మాత్రం నా దగ్గర జవాబు లేకపోయింది.