ఆ బంతి ఇదేనా?

1956 అక్టోబరు 8. న్యూయార్క్‌లోని యాంకీ స్టేడియం. బేస్‌బాల్‌ వరల్డ్‌ సిరీస్‌లో అయిదో మ్యాచ్‌. యాంకీస్‌ తరఫున బంతి విసురుతున్నది డాన్‌ లార్సెన్‌. మూడు రోజుల కిందటే రెండో ఇన్నింగ్స్‌ కూడా పూర్తి చేయలేక తల దించుకుని మైదానం వీడినవాడు. ఆ రోజు మాత్రం 97 బంతులు విసిరాడు. వచ్చిన 27 మందినీ వచ్చినట్టే వెనక్కి పంపించాడు. ఒక్కరంటే ఒక్కరు కూడా తొలి బేస్‌ను చేరలేదు! చివరి బంతి పడగానే క్యాచర్‌ యోగి బెర్రా పరుగెత్తుకొచ్చి, చంటిపిల్లాడిలా లార్సెన్‌ మీదికి ఎగిరాడు.

దీన్నే 'పర్‌ఫెక్ట్‌ గేమ్‌' అంటారు. 1880 నుంచి 2023 దాకా మేజర్‌ లీగ్‌లో ఇలాంటివి 24 మాత్రమే. అందుకే ఆ మ్యాచుల్లో వాడిన బంతి అంటే అభిమానులకు ప్రాణం. దాన్ని అద్దాల పెట్టెలో పెట్టుకుని మురిసిపోయేవాళ్లు అమెరికాలో ఎందరో.

కానీ ఓ చిక్కుంది. బ్యాటర్‌ హోమ్‌రన్‌ కొడితే బంతి ఎటు వెళ్లిందో వేలమంది చూస్తారు. 2024లో షోహెయ్‌ ఒటాని కొట్టిన 50వ హోమ్‌రన్‌ బంతి వేలంలో దాదాపు 44 లక్షల డాలర్లు పలికింది. మరి బౌలర్‌ లాంటి పిచ్చర్‌ విసిరిన బంతో? అది క్యాచర్‌ గ్లవ్‌లోకి వెళ్తుంది. కాస్త గీత పడినా పక్కకు పోతుంది, కొత్తది వస్తుంది. 1920లో రే చాప్‌మన్‌ అనే ఆటగాడు తలకు బంతి తగిలి చనిపోయాక ఈ పట్టింపు ఇంకా పెరిగింది. క్రికెట్‌ టెస్టులో ఒకే బంతితో 80 ఓవర్లు వేస్తారు. ఇక్కడ ఒక్క మ్యాచ్‌కే వంద పైచిలుకు బంతులు కావాలి. అన్నిటికీ అదే తెల్లతోలు, అవే 108 ఎర్రకుట్లు, నునుపు పోవడానికి రుద్దే అదే న్యూజెర్సీ బురద. అందులో చరిత్ర సృష్టించింది ఏదో ఎలా తెలుస్తుంది?

నకిలీలు పుట్టింది అక్కడే. శాన్‌డియాగో ఆటగాడు టోనీ గ్విన్‌ ఓసారి తన జట్టు దుకాణంలోనే తన సంతకాలున్న వస్తువుల్ని చూసి తెల్లబోయాడు. ఎందుకంటే అవి అతను పెట్టిన సంతకాలు కావు! 1990ల చివర్లో ఎఫ్‌బీఐ రంగంలోకి దిగి 'ఆపరేషన్‌ బుల్‌పెన్‌' పేరుతో దొంగసంతకాల ముఠాల గుట్టు రట్టు చేసింది.

దాంతో 2001లో మేజర్‌ లీగ్‌ కొత్త పద్ధతి తెచ్చింది. మ్యాచ్‌ జరుగుతుంటే మైదానం పక్కనే ఓ మనిషి కూర్చుంటాడు. పోలీసు ఉద్యోగం చేస్తున్నవాడో, చేసి రిటైరైనవాడో అయి ఉంటాడు. అతనికి ఆట కన్నా బంతే ముఖ్యం. ఆటలోంచి పక్కకు వచ్చిన బంతిని తీసుకుని, నంబరున్న హోలోగ్రామ్‌ స్టిక్కర్‌ అంటిస్తాడు. అది ఎవరు విసిరారు, ఎప్పుడు విసిరారు అన్నది రాసుకుంటాడు. ఓ మామూలు బంతి ప్రేక్షకుల మధ్య పడి కనుమరుగైందా... ఇక ముద్ర లేదు. పట్టుకున్నవాళ్లు ఎంత ప్రమాణం చేసినా అంతే!

లార్సెన్‌ కాలంలో ఈ కాపలా లేదు. 1999 జులై 18న కూడా లేదు. ఆ రోజు యాంకీ స్టేడియంలో యోగి బెర్రాకు సన్మానం. లార్సెన్‌ లాంఛనంగా తొలి బంతి విసిరితే, బెర్రా ఆనాటి క్యాచర్‌ జో గిరార్డి గ్లవ్‌ అడిగి తీసుకుని దాన్ని పట్టాడు. తరవాత మ్యాచ్‌లో డేవిడ్‌ కోన్‌ ఏం చేశాడో తెలుసా? పర్‌ఫెక్ట్‌ గేమ్‌! దానికి స్టిక్కర్‌ లేకపోతేనేం, చూడ్డానికి ఆ ఇద్దరూ ఉన్నారు.

2012లో 83 ఏళ్ల లార్సెన్‌ తన దగ్గర భద్రంగా ఉన్న ఓ జ్ఞాపకాన్ని వేలానికి పెట్టాడు. బంతిని కాదు, ఆ రోజు వేసుకున్న యూనిఫామ్‌ని. బంతికి పేరూ ఊరూ ఉండదు. చొక్కా మీద మాత్రం అతని 18వ నంబరు ఉంది. ఏడు లక్షల 56 వేల డాలర్లు వచ్చాయి. ఎందుకు అమ్మినట్టు? మనవళ్ల కాలేజీ చదువు కోసం.

ఎప్పుడో 1956లో తాతయ్య విసిరిన 97 బంతులు మనవళ్లకు ఫీజులయ్యాయి!