గో, వెంట్, గాన్

1986. ఎల్లారెడ్డిలో ఎనిమిదో తరగతి చదువుతున్నాను. గో-వెంట్-గాన్, కమ్-కేమ్-కమ్, బ్రింగ్-బ్రాట్-బ్రాట్. ఎక్కాల్లాగే మూడు వరసల పట్టిక, ఎక్కాల్లాగే బట్టీ. అరుగు మీద కూచుని గట్టిగా చదువుతుంటే పక్కనే అమ్మ చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుట్టేది. 'కట్-కట్-కట్' అని నేనంటుంటే ఆమె చేతిలో కత్తెర తునికాకును కోస్తుండేది.

"మూడు మార్లు గదే అంటవేందే?"

"కొన్ని మారవమ్మా."

"గట్లనా" అని మళ్ళీ తల వంచుకునేది.

నాకంటే రెండేళ్ళు చిన్నవాడైన తమ్ముణ్ణి కామారెడ్డిలో ఇంగ్లీషు మీడియం బడిలో వేశారు. మేనమామ ఇంట్లో ఉండి చదివేవాడు. ఆ ఫీజు అమ్మ బీడీల పైసలతోనే కట్టేవాళ్ళు. నాకు ఊళ్ళోని తెలుగు మీడియం సర్కారు బడి. ఆడపిల్లకు అది చాలనుకున్నారు. నేనూ చాలనే అనుకున్నాను. దసరా సెలవులకు బస్సు దిగిన తమ్ముడు "ఐ కేమ్ బై బస్" అన్నాడు. 'కమ్'కు రెండో రూపమేమిట్రా అని అడిగితే తెల్లమొహం వేశాడు. నాకు పట్టిక మొత్తం వచ్చు. ఆ ఒక్క వాక్యం మాత్రం నోటికి రాలేదు.

డిగ్రీ అయ్యాక ఒక ఇంటర్వ్యూలో "ఐ హావ్ వెంట్" అన్నాను. ఎదురుగా ఉన్నవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వారు. చాలా ఏళ్ళు ఆ నవ్వు గుర్తొచ్చి నోరు విప్పలేకపోయాను. లోపం నా తెలివిలోనే ఉందనుకున్నాను.

పట్టుబట్టి ఇంగ్లీషులో ఎం.ఏ. చేశాక గానీ తెలియలేదు, 'వెంట్' అసలు 'గో'కు పుట్టిందే కాదని. 'వెండ్' అనే వేరే క్రియకు అది భూతకాలం. వచ్చి ఇక్కడ స్థిరపడిపోయింది. 2007లో 'నేచర్' పత్రికలో వచ్చిన ఒక పరిశోధనలో పాత ఇంగ్లీషు నుంచి 177 ఇర్రెగ్యులర్ క్రియలను తీసుకుని చూస్తే, ఈనాటికి అలాగే మిగిలినవి 98. తక్కువగా వాడేవి తొందరగా 'ఎడ్' తగిలించుకుని దారికొచ్చాయి. 'హెల్ప్'కు ఒకప్పుడు 'హోల్ప్' అనే రూపముండేది. రోజూ నోళ్ళలో నలిగే మాటలే నియమానికి లొంగకుండా నిలబడ్డాయన్నమాట. తెలుగులో మాత్రం? 'వచ్చు'కు 'రా' అని, 'రాను' అని ఏ పిల్లా పట్టిక చూసి నేర్చుకోదు. అమ్మ పిలుస్తుంటే నేర్చుకుంటుంది.

అంటే తమ్ముడికి దొరికింది ఆ మాటలు వినిపించే చోటు. నాకు దొరికింది పట్టిక. అమ్మ వేళ్ళ కష్టాన్ని మా ఇంట్లో అట్లా పంచారు. ఆ పంపకాన్నే నేను ఇన్నేళ్ళూ నా తెలివితక్కువతనమని మోశాను.

ఇప్పుడు కామారెడ్డిలో ఇంటర్ అమ్మాయిలకు ఇంగ్లీషు చెబుతున్నాను. 2022-23 నుంచి తెలంగాణ సర్కారు బడుల్లో 1 నుంచి 8 తరగతులకు ఇంగ్లీషు మీడియం వచ్చింది. మంచిదే. కానీ మీడియం మారినంత మాత్రాన ఆడపిల్లకు నోరు తెరిచే చోటు దానంతటది రాదు. అందుకే పట్టిక పక్కన పెట్టి, "నిన్న మీ అమ్మ ఏమేం చేసిందో చెప్పండి" అంటాను. లేచింది, ఊడ్చింది, నీళ్ళు తెచ్చింది, పిల్లలకు తినిపించింది, ఆకు కోసింది, అందరి తర్వాత పడుకుంది. రోజ్, స్వెప్ట్, బ్రాట్, ఫెడ్, కట్, స్లెప్ట్. అన్నీ పట్టికలో ఉన్నవే. బీడీలు 'చుట్టింది' అన్నచోట మాత్రమే 'ఎడ్' వస్తుంది. ఎవరైనా 'స్వీప్డ్' అంటే నేను నవ్వను, ఎవర్నీ నవ్వనివ్వను. ఆ పిల్ల తెలిసిన నియమాన్ని సరిగ్గానే వాడింది. విననిది ఎట్లా తెలుస్తుంది?

మొన్న ఆదివారం ఎల్లారెడ్డి వెళ్ళి అమ్మతో ఈ సంగతులన్నీ చెప్పాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "నిన్ను గూడ తమ్మునితోని పంపేదుండె బిడ్డా" అంది.

మర్నాడు క్లాసులో సెండ్-సెంట్-సెంట్ దగ్గరికొచ్చేసరికి కాసేపు ఆగాల్సి వచ్చింది.