రాయవెల్లూరులో నాలుగు దినములు



రాయవెల్లూరు పేరు వినని తెలుగు సంఘము ఉండదేమో. ఇక్కడి డాక్టర్లు చేతులెత్తేస్తే, "వెల్లూరు తీసుకుపోండి" అనడం మన పల్లెలలో అలవాటు. 2023 ఫిబ్రవరిలో మా సంఘపు యౌవనస్థుడొకనితో మేమును అక్కడికి వెళ్లాము. అంతకు ముందటి మే నెలలో మా కూటములకు పందిరి వేయడానికి తాటాకులు కొట్టబోయి ఆ చిన్నవాడు చెట్టు మీదనుండి పడ్డాడు. వెన్నెముక విరిగింది. నడుము క్రింద స్పర్శ పోయింది. చెట్టెక్కమని పంపింది మేమే. వాని తల్లి ఆ మాట మమ్మును ఒక్కసారియైనా అడుగలేదు. అడిగి ఉంటే బాగుండేది.

తొమ్మిది నెలలు వాని మంచము దగ్గర కూర్చొని వాక్యము చదివాము. రోమా 8:28 ఎన్నిసార్లు చదివామో లెక్కలేదు. ఒకనాడు వాడు గోడవైపు తిరిగి, "ఇక చాలు అయ్యగారూ" అన్నాడు. మేము నేర్చుకొన్న ఆదరణ మాటలు ఆ రోజుతో అయిపోయాయి.

ఒంగోలులో రైలెక్కి కాట్పాడిలో దిగాము. పాలారు వంతెన దాటుతుంటే క్రింద నీటికంటె ఇసుకే ఎక్కువ. పెద్దాసుపత్రి వీధులలో లాడ్జీల బోర్డులు తెలుగులో కూడ కనబడ్డాయి. మేము వెళ్లవలసినది ఊరికి దూరంగా, కొండల ప్రక్కనున్న బాగాయం. వెన్నెముక దెబ్బతిన్నవారికి తిరిగి బ్రదుకు నేర్పే కేంద్రము అక్కడ ఉన్నది. దానిని స్థాపించిన డాక్టర్ మేరీ వర్గీస్ గారు తానే చక్రాల కుర్చీలో ఉన్న మనిషి. 1954 జనవరిలో కారు ప్రమాదములో ఆమె రెండు కాళ్లూ చచ్చుబడ్డాయి. అప్పటికి ముప్పైయేండ్లు నిండలేదు. డాక్టర్ పాల్ బ్రాండ్ గారి ప్రోత్సాహముతో కుర్చీలో కూర్చొనియే కుష్ఠు రోగుల చేతులకు ఆపరేషన్లు చేశారు. ఆస్ట్రేలియాలోను, న్యూయార్కులోను శిక్షణ పొంది వచ్చి, 1966లో ఈ కేంద్రమును తెరిచారు. 1972లో పద్మశ్రీ వచ్చింది. 1986లో ప్రభువునందు నిద్రించారు. ఆమె కుర్చీ త్రోసుకొంటూ వస్తుంటే రోగులకు వేరే ప్రసంగమెందుకు అనిపించింది మాకు.

రెండవ దినమున వ్యాయామశాలలో చిత్తూరు వైపు రైతు ఒకాయన మా వాని ప్రక్కకు తన కుర్చీ నడుపుకొని వచ్చాడు.

"ఏం చెట్టు నాయనా?"

"తాడి."

"నాది కొబ్బరి. పన్నెండేండ్లాయ."

కొంతసేపు ఇద్దరూ ఊరకున్నారు. తర్వాత మా వాడు మెల్లగా, "అన్నా, ఒంటేలు సంగతి ఎట్లా?" అని అడిగాడు. పడినప్పటినుండి వాడు తనంతట తానుగా ఎవరినైనా ఒక ప్రశ్న అడగడం మేము వినలేదు. మమ్మును ఆ ప్రశ్న ఎట్లా అడుగగలడు? అడిగినా మాకేమి తెలుసు?

ఆయన విడమరచి చెప్పాడు. గొట్టము ఎట్లా వాడాలో, ఎంత శుభ్రముగా ఉంచుకోవాలో చెప్పాడు. కుర్చీలో ఉన్నప్పుడు పావుగంటకొకసారి చేతులమీద ఒళ్లు పైకెత్తాలి, లేకపోతే పుండ్లు పడతాయి. రాత్రి రెండు గంటలకొకసారి ప్రక్కకు తిప్పాలి. ఈ మాట మన ఇండ్లలో చాలామందికి తెలియదు. మేమంతసేపు నోరు మెదపలేదు. కాపరులకు అది కష్టమైన పనియే.

"రెండేండ్లు నేనూ గోడనే చూసినా సామీ" అన్నాడాయన మాతో. "ఈడ ఒకాయన నా పక్కన కుర్చీ నిలిపి, మంచం మీదనుంచి కుర్చీలోకి ఎట్ల జరగాలనో చూపించినాడు. అంతే. ధైర్యం గీర్యం అని ఏమీ చెప్పలా." ఇప్పుడు పరీక్షకు వచ్చినప్పుడెల్లా ఈయన రెండు రోజులు ఎక్కువుండి, కొత్తవారి దగ్గర కూర్చొంటాడట. కౌన్సిలర్ అని ఆయన మెడలో బిళ్ల లేదు.

శిక్షణకై తల్లీకొడుకులను అక్కడ విడిచి, నాలుగవ దినమున మేము బయలుదేరాము. వెళ్లేముందు వాని దగ్గర కూర్చొని, "నిన్ను చెట్టెక్కమన్నది మేమే. క్షమించు నాయనా" అన్నాము. గొంతు రాలేదు. తల్లి కొంగు నోటికడ్డం పెట్టుకొన్నది.

వాడు చాలాసేపు మా వైపు చూచి, "తెలుసు అయ్యగారూ. మన గుడికి మూడు మెట్లున్నాయి గదా, వాటి సంగతి చూడండి" అన్నాడు.

అడుగు ఎత్తుకు పన్నెండడుగుల వాలు ఉండాలని అక్కడివారు చెప్పారు. మా మెట్లు అడుగున్నర. ఊరికి రాగానే మేస్త్రీని పిలిచి పద్దెనిమిది అడుగులు కొలిపించాము. వేపచెట్టు మొదలు అడ్డం వచ్చింది. కొట్టేద్దామన్నాడు. వద్దని ప్రక్కకు మలుపు తిప్పించాము. చిన్నవాడు తిరిగి వచ్చేసరికి సిమెంటు ఆరింది.