గూడబాతుల పాట

"గూడబాతు ఎలా అరుస్తుందిరా?" అని సంగీతం టీచరమ్మ అడిగితే నేలపట్టు పిల్లవాడు తల అడ్డంగా ఊపాడు. "పెద్దవి అరవవు మేడం. గూట్లో ఉండే పిల్లలే గోల చేసేది."

ఆ మాటతో మా సంగీత రూపకం దారి మారింది. కోయిలకు పాట కట్టడం తేలిక. దాదాపుగా నోరు విప్పని పక్షిని బృందగానంలోకి తేవడమెలా? మర్నాడు టీచరమ్మ అందరినీ ఇళ్ల నుంచి చేటలు తెమ్మంది. పెద్ద పిల్లలు చేతికొక చేట పట్టుకుని అందరూ ఒక్కసారే కిందికి విసిరారు. బరువైన రెక్కలు గాలిని తోస్తున్నట్టే వచ్చింది చప్పుడు. వాళ్లు పాడనక్కర్లేదు, తాళం వాళ్లదే. పాటంతా గూటిపిల్లలుగా కింద కూర్చున్న చిన్నవాళ్లది. నేను హార్మోనియం ముందు మోహన రాగం పట్టుకుని కూర్చున్నాను.

సూళ్లూరుపేట ఫ్లెమింగో పండుగకు జనం దూరప్రాంతాల నుంచి వచ్చేది రాజహంసల కోసం. మా పిల్లలకు మాత్రం గూడబాతులే సొంతం. నేలపట్టు చెరువును 1976లోనే పక్షుల అభయారణ్యంగా ప్రకటించారు. గూడబాతులు అక్కడ నీళ్లలో నిలబడ్డ చెట్ల మీద గూళ్లు కట్టుకుని, మేతకు పులికాట్ సరస్సు దాకా ఎగిరిపోయి తిరిగొస్తాయి. ఆ రాకపోకలే మా కథ. 'పర్యావరణం' అన్న పెద్దమాట అందులో ఒక్కచోటా లేదు. అదే మంచిదైందని ఇప్పటికీ అనుకుంటాను.

పండుగ వేదిక మీద తల్లిపక్షి వేషం కట్టిన అమ్మాయి గడ్డం కింద గులాబీరంగు తువ్వాలు సంచిలా వేలాడుతోంది. ఆకలి పాట పాడుతూ పాడుతూ ఒక చిన్నది అందులోకి తల దూర్చేసింది. మిగతా చరణం తువ్వాలు లోపలినుంచే వినిపించింది. గూడబాతు పిల్ల మేత తినేదీ అచ్చం అలాగే, తల్లి గొంతుసంచిలో తల పెట్టి. ముందు వరుసల్లో ఆడవాళ్లు చప్పట్లు కొట్టి నవ్వారు. వాళ్లు రోజూ చూసేదే కదా!

ఆ తర్వాతి ఘట్టం జాలరిపల్లె పిల్లలది. రాయదొరువు, కొండూరుపాలెం దగ్గర ముఖద్వారాలు ఇసుకతో పూడుకుపోతే పులికాట్‌లోకి సముద్రపు నీళ్లు సరిగా రావు, చేప తగ్గిపోతుంది. పడవకూ తగ్గుతుంది, పక్షికీ తగ్గుతుంది. ఖాళీ వల భుజాన వేసుకున్న అబ్బాయి ఒక చరణం అందుకుంటే, గూటిపిల్లలు అదే బాణీలో జవాబు చెప్పారు. వలపాట పాడిన గొంతులో నటన లేదు. వేట దొరకని రోజున ఇల్లెలా ఉంటుందో ఆ అబ్బాయికి తెలుసు. నా వేళ్లు మెట్ల మీద వాటంతటవే నెమ్మదించాయి.

కార్యక్రమం అయిపోయాక నేలపట్టు రైతు ఒకాయన వేదిక దగ్గరికొచ్చాడు. "అంతా బాగా చెప్పినారు గానీ, చెరువు సంగతి ఇడిచిపెట్టినారేందమ్మా? పక్షుల రెట్ట కలిసిన నీళ్లు పారితేనే గదా మా పైరుకు బలం!"

టీచరమ్మ ఆయన్ని అక్కడే కుర్చీలో కూర్చోబెట్టి, నీళ్లు మడికి ఎప్పుడు వదులుతారో, వరి ఎలా ఎదుగుతుందో అడిగి రాసుకుంది. తిరుగు ప్రయాణంలో బస్సులోనే కొత్త చరణం సాధన మొదలైంది. 'రెట్ట' అన్న మాట వచ్చినప్పుడల్లా పిల్లలు పకపకా నవ్వి, దాన్నే అన్నిటికన్నా గట్టిగా పాడారు. తర్వాత నాయుడుపేటలో ఆడినప్పుడు రైతులు ఆ చరణాన్ని మళ్లీ మళ్లీ అడిగి పాడించుకున్నారు.